చావిడి దగ్గరకే వచ్చే పశువుల స్కానింగ్: మూడు నెలలు చూశాక నా మాట

మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. ఆరు పాడి బర్రెలు, రెండు పడ్డలు ఉన్నాయి. మా ఆయన వరి చూసుకుంటాడు, గొడ్లచావిడి పని నాదీ మా అత్తదీ. పాల కేంద్రంలో పోసే ప్రతి లీటరు లెక్కా నా పుస్తకంలో ఉంటుంది. ఏ బర్రె ఎప్పుడు ఈనింది, ఎప్పుడు ఎదకొచ్చింది, ఎప్పుడు వీర్యం వేయించాం, అదంతా అదే పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటాను. ఆ పేజీలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మా వైపు ఒక డాక్టరమ్మ ఇళ్ల దగ్గరకే వచ్చి పశువులకు చూలు చూసే స్కానింగ్ చేస్తున్నారు. స్కూటీ మీద వస్తారు, సామాను మోయడానికి వెంట ఒక కుర్రాడు. పేరూ నంబరూ ఇక్కడ పెట్టొద్దన్నారు, ఇప్పుడొచ్చే ఫోన్లకే తీరిక చిక్కడం లేదట. బుచ్చి చుట్టుపక్కల పాల కేంద్రాల్లో అడిగితే ఎవరైనా చెబుతారు. మొదటి బర్రెకు 350 రూపాయలు, అదే చావిడిలో తర్వాత చూసే ఒక్కోదానికి 200. మందుల ఖర్చు వేరే.

ఇంత డబ్బు పెట్టి స్కానింగ్ ఎందుకు, చెయ్యి పెట్టి చూసేవాళ్లు లేరా అని మా ఆయన కూడా అన్నాడు. ఉన్నారు. అనుభవం ఉన్న డాక్టరు చేత్తో చూసి రెండు నెలల చూలును గట్టిగా చెప్పగలరు, పశువుల ఆస్పత్రిలో ఆ పరీక్షకు పెద్దగా ఖర్చు కూడా లేదు. కానీ మాకు నష్టం జరిగింది రెండు నెలలు నిండాక కాదు. మొదటి నెలలోనే జరిగింది. ఆ నెల సంగతి మాకు ఎవరూ అంతవరకు చెప్పలేదు.

సెప్టెంబరు 4న ఆమె మొదటిసారి వచ్చారు. పిలిచింది లక్ష్మి కోసం. మార్చిలో ఈనింది, ఐదు నెలలు దాటినా ఎద సరిగ్గా కనబడలేదు. వేసవిలో బర్రెలది మూగ ఎద, అరవవు, ఎగబడవు, జిగురు తీగలు కూడా సన్నగా వేస్తాయి, అది తెలిసిందే. కానీ ముందు రోజు సాయంత్రం నుంచి లక్ష్మి ఒకటే అరుపు. మేత ముట్టలేదు, పాలు లీటరున్నర తగ్గించింది. పక్క బర్రె మీదకి ఒకసారి ఎగబడింది కూడా. ఇంక ఎదకొచ్చినట్టే, కాస్త గట్టిపడటానికి ఒక సూది వేసి, రేపు పొద్దున వీర్యం వేయిస్తే సరిపోతుందనుకున్నాను. ఫోన్లో కూడా ఆమెకు అదే చెప్పాను. "ఎద సూది తీసుకురండి" అన్నాను.

ఆమె వచ్చి సూది తీయలేదు. చేతికి భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకున్నారు, ముందు పేడంతా తీసేశారు, తర్వాత బొటనవేలంత పొడవున్న ఒక పరికరాన్ని గుప్పిట్లో దాచుకుని లోపలికి పెట్టారు. దాని వైరు మెడలో వేలాడుతున్న చిన్న తెరకు తగిలించి ఉంది. ఎండకి తెర కనబడటం లేదని మా అత్త తన చీర కొంగు అడ్డం పట్టింది. మొదట అంతా బూడిద రంగు, సినిమా రీలు కాలినట్టు మచ్చలు. ఆమె చెయ్యి కొంచెం తిప్పగానే ఒక నల్లటి మడుగు కనబడింది. "నల్లగా ఉంటే నీళ్లక్కా, తెల్లగా ఉంటే గట్టి భాగం" అన్నారు. ఆ మడుగులో ఒక మూల తెల్లగా, బొటనవేలి కొనంత ఒక ముద్ద. ఆమె చెయ్యి కదల్చకుండా ఆపారు. ఆ ముద్ద మధ్యలో ఏదో మిణుకుమంటోంది. ఆగకుండా, మన గుండె కంటే వేగంగా.

"గుండె కొట్టుకుంటోంది. నలభై ఐదు రోజులుంటుంది."

నేను వీర్యం వేయించలేదే అన్నాను. అప్పుడు మా అత్తకి గుర్తొచ్చింది, ఆషాఢంలో రెండు రోజులు కాలువ గట్టున మేపడానికి వదిలాం, అక్కడ ఊరి దున్నపోతు తిరుగుతూ ఉంటుంది. లెక్కేస్తే జులై మూడో వారం. చూలుతో ఉన్న బర్రె కూడా అప్పుడప్పుడు ఎద లక్షణాలు చూపిస్తుందని ఆమె చెప్పారు. అన్నీ కాదు, కొన్ని. ఆ కొన్నిట్లో మన బర్రె ఉంటే మనకు తెలిసేదెలా?

ఆ రోజు ఆమె నేను అడిగిన సూది వేసి 200 తీసుకుని వెళ్లిపోయి ఉంటే నేను సంతోషంగానే పంపించేదాన్ని. ఆ తర్వాత లక్ష్మి ఈసుకుపోయినా, అంటే చూలు జారిపోయినా, నాకు తెలిసేది కాదు. నలభై ఐదు రోజుల పిండం చావిడిలో పేడలో పడిపోతే ఎవరి కంటికి ఆనుతుంది? నేను ఈ సర్వీసుకి మంచి మాట రాయడానికి మొదటి కారణం ఇదే. అడిగిన మందు ఇవ్వలేదు, ముందు చూసింది.

లక్ష్మి సంగతి చూశాక మా అత్త లోపలికి వెళ్లి చావిడి గూట్లోంచి ఒక ఖాళీ గాజు సీసా తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. అది గౌరి కథ. ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి.

గౌరి మా చావిడిలో అన్నిటికంటే మంచి బర్రె. మూడో ఈత, పూటకు ఐదు లీటర్లు తగ్గకుండా ఇచ్చింది, వెన్న బాగా పడేది. కిందటి అక్టోబరులో ఈనింది. సంక్రాంతి అయిన నాలుగో రోజు, జనవరి 18న ఎదకొస్తే వీర్యం వేయించాం. చక్కగా తీగలు వేసిన ఎద అది. ఇరవై ఒకటో రోజు, ఫిబ్రవరి 8న మళ్లీ కొంచెం చిరాకు పడింది. కొద్దిగా అరిచింది, తీగలు మాత్రం వేయలేదు. కట్టలేదేమో అన్న టెన్షన్లో సూదులు వేసే ఒకాయన్ని పిలిపించాను. ఆయన ఎవరన్నది ఇక్కడ అనవసరం. చూడలేదు, చెయ్యి పెట్టలేదు, ఎప్పుడు వీర్యం వేయించారని కూడా అడగలేదు. "ఎద లోపల ఆగిపోయిందమ్మా, ఇది వేస్తే బయటపడుతుంది" అని ఒక సూది వేశాడు. నిజంగానే రెండు రోజుల్లో గౌరి గట్టిగా ఎదకొచ్చింది. ఊరంతా వినబడేట్టు అరిచింది. మళ్లీ వీర్యం వేయించాం. కట్టలేదు. తర్వాత మార్చిలో ఒకసారి, కట్టలేదు. ఎండలు ముదిరాక ఎదే కనబడలేదు. ఆగస్టు నాటికి పాలు పూటకు లీటరుకి పడిపోయాయి. మేత, తవుడు, పిండి కలిపి రోజుకు నూట యాభై రూపాయలు తింటూ చావిడిలో నిలబడింది.

ఆ ఖాళీ సీసాని మా అత్త ఎందుకు దాచిందో నాకు అప్పట్లో తెలియదు. "ఏం పెట్టాడో ఎవరైనా చదివిన వాళ్లొస్తే చూపిద్దామని" అంది. డాక్టరమ్మ ఫోను టార్చి వేసి అక్షరాలు చదివారు. ఈస్ట్రడయోల్ బెంజోయేట్. ఆడపశువు అండాశయంలో గుడ్డుతిత్తి పెరిగేటప్పుడు దానంతటది తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్‌కి మందు రూపం.

ఆ సాయంత్రం ఆమె టీ తాగుతూ అరగంట చెప్పింది మా ఇద్దరికీ ఎప్పటికీ మరపు రాదు. నాకు అర్థమైన మేరకు రాస్తాను.

బర్రె ఎదకొచ్చేది ఈస్ట్రోజన్ వల్లనే. అరుపు, తీగలు, ఎగబడటం అన్నీ దాని పనే. గుడ్డు విడుదలయ్యాక ఆ చోట అండాశయం మీద ఒక ముద్ద తయారవుతుంది. పుస్తకాల్లో కార్పస్ లూటియం అంటారట, అంటే పసుపు ముద్ద. ఆవులో నిజంగా పసుపుగానే ఉంటుంది, బర్రెలో అంత పసుపు కనబడదు. (బర్రె పాలు తెల్లగా, ఆవు పాలు కొంచెం పచ్చగా ఉండటం మనకు తెలిసిందే కదా, ఆ లెక్కే ఇది కూడా అన్నారు.) ఆ ముద్ద ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ని వదులుతుంది. గర్భసంచిని కదలకుండా, నెమ్మదిగా ఉంచి పిండానికి తిండి అందేట్టు చేసేది ఈ ప్రొజెస్టిరాన్. అంటే ముద్ద ఉన్నంతవరకే చూలు.

పిండం లేకపోతే పదహారు, పదిహేడు రోజుల ప్రాంతంలో గర్భసంచి తానే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాన్ని వదిలి ఆ ముద్దను కరిగించేస్తుంది. ముద్ద పోతే మళ్లీ ఎద. ఇరవై ఒక్క రోజుల చుట్టు అంటే ఇదే. మరి పిండం ఉంటే? అప్పటికి అది సన్నటి దారంలా సాగి ఉంటుంది, గర్భసంచికి ఇంకా అతుక్కోను కూడా లేదు. అయినా ఇంటర్ఫెరాన్ టావ్ అనే ఒక పదార్థాన్ని వదులుతుంది. నేనున్నాను, ముద్దను కరిగించొద్దు అని తల్లికి చెప్పుకోవడం లాంటిది అది. ఆవు, బర్రె, గొర్రె, మేక, నెమరేసే వాటన్నిట్లోనూ ఇదే పద్ధతి. ఆ కబురు అందితేనే గర్భసంచి ఆగుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లో బయటి నుంచి ఈస్ట్రోజన్ పోస్తే ఏమవుతుంది? గర్భసంచి గోడల మీద ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్ని పట్టుకునే స్థానాలు పెరుగుతాయి. దాంతో ప్రోస్టాగ్లాండిన్ ఊరడం మొదలవుతుంది. పిండం ఆపమంటున్న పనినే మందు చేయమంటుంది. ముద్ద కరిగితే చూలు నిలవదు. "నాటేసిన మడికి నీళ్లు పెడతారు కదక్కా, కోత రోజు కూడా అవే నీళ్లు పెడితే పంట ఏమైపోతుంది? నీళ్లు చెడ్డవి కాదు, రోజు చెడ్డది" అంది. మా అత్తకి ఈ ఒక్క మాటతో మొత్తం అర్థమైపోయింది. సోమశిల డ్యాం నీళ్లు ఏ వారం వదిలితే ఏ మడి మునుగుతుందో చూస్తూ బతికినావిడ మరి.

నాకు ఇంకో మాట ఎక్కువ తగిలింది. ఫిబ్రవరిలో సూది వేశాక గౌరి అంత గట్టిగా అరిచిందే, మందు పనిచేసిందని మేం సంబరపడ్డామే, అది గుడ్డు లేని ఎద అయ్యుండొచ్చట. ఈస్ట్రోజన్ మెదడు మీద పనిచేసి ఎద లక్షణాలన్నీ చూపిస్తుంది. లోపల గుడ్డుతిత్తి పండి ఉండాల్సిన పనే లేదు. అరుపు ఉంటుంది, తీగలుంటాయి, కట్టడానికి గుడ్డు ఉండదు. వీర్యం వేయించిన డబ్బు కూడా దండగే.

"అయితే దాని కడుపు తీసింది ఆ సూదేనా తల్లీ?" అని మా అత్త సూటిగా అడిగింది. డాక్టరమ్మ అవునని అనలేదు. "ఆ రోజు చూలు ఉందో లేదో ఎవరూ చూడలేదు పెద్దమ్మా. మొదటి మూడు వారాల్లో పిండాలు వాటంతటవి పోవడం కూడా చాలా మామూలు. ఇప్పుడు ఒకరి మీద నింద వేయలేను. చూడకుండా వేయడం మాత్రం తప్పు" అంది. నాకు ఆ జవాబు నచ్చింది. ఎదుటివాడి మీద నాలుగు మాటలు అని మా దగ్గర మార్కులు కొట్టేయడం ఆమెకు ఎంతసేపు పని!

ఇంకో విషయం కూడా చెప్పింది. యూరప్ దేశాల సమాఖ్యలో పాలకూ మాంసానికీ పెంచే పశువులకు ఈస్ట్రడయోల్ ఇవ్వడమే నిషేధమట. దాని మీద ఆరోగ్యపరమైన అనుమానాలుండటం వల్ల. మనం ఒక చావిడి నుంచి ఇంకో చావిడికి మాటల మీద వేయించుకుంటున్నాం.

అలాగని ఈస్ట్రోజన్ అంటేనే చూలుకు శత్రువు అనుకోవద్దని ఆమే చెప్పింది. పందిలో లెక్క పూర్తిగా వేరు. అక్కడ పిండాలే పదకొండు, పన్నెండు రోజులప్పుడు ఈస్ట్రోజన్ తయారుచేసి వదులుతాయి, తల్లికి అందే కబురే అది. బర్రెలో ఇంటర్ఫెరాన్ చేసే పని పందిలో ఈస్ట్రోజన్ చేస్తుందన్నమాట. ప్రోస్టాగ్లాండిన్ తల్లి రక్తంలోకి పోకుండా గర్భసంచి లోపలి వైపుకే మళ్లుతుంది, ముద్ద బతుకుతుంది. ఆ కబురు సరిపోవాలంటే కనీసం నాలుగు పిండాలన్నా ఉండాలి. అదే ఈస్ట్రోజన్ ఒకటి రెండు రోజులు ముందుగా, తొమ్మిదో రోజో పదో రోజో బయటి నుంచి ఇస్తే ఆ పందిలోనే పిండాలు తర్వాత చచ్చిపోతాయి. రెండు రోజుల తేడా, అంతే.

చిట్టెలుకలో ఇంకా సున్నితం. పిండం గర్భసంచికి అతుక్కోవాలంటే నాలుగో రోజున తల్లి అండాశయం నుంచి ఈస్ట్రోజన్ ఒక చిన్న మోతాదు రావాలి. రాకపోతే పిండం అలాగే నిద్రపోయినట్టు ఆగిపోతుంది, చావదు, పెరగదు. తర్వాత ఆ చుక్క అందితే లేచి అతుక్కుంటుంది. మోతాదు తక్కువైతే గర్భసంచి తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, ఎక్కువైతే తొందరగా మూసుకుపోతుంది. కుందేలుకైతే ఆ సమయంలో ప్రొజెస్టిరాన్ ఒక్కటి చాలు. ఒక్కో జంతువుకు ఒక్కో పద్ధతి పెట్టాడు దేవుడు. ఒకచోట పనిచేసిన మందు ఇంకోచోట ఎందుకు పనిచేయదని వాదించేవాళ్లకు నేనిప్పుడు ఈ ఎలుక సంగతే చెబుతున్నాను.

మళ్లీ గౌరి దగ్గరకొస్తాను. ఆ రోజే గౌరికీ స్కాన్ చేశారు. చూలు లేదు, గర్భసంచి శుభ్రంగా ఉంది, అండాశయం మీద ముద్ద ఉంది. అంటే లోపల చుట్టు తిరుగుతూనే ఉంది, పైకి కనబడటం లేదంతే. ఆ రోజు ఒక సూది, ఏడో రోజు ఇంకోటి, తొమ్మిదో రోజు సాయంత్రం మూడోది, మర్నాడు పొద్దున ఎద కనబడినా కనబడకపోయినా వీర్యం. ఈస్ట్రోజన్ ఇందులో లేదు. రెండో సూది మాత్రం ప్రోస్టాగ్లాండిన్ జాతిదే, చూలు ఉన్న బర్రెకు పడితే అదీ ఈసుకుపోయేలా చేస్తుంది. అందుకే స్కాన్ చేయకుండా ఈ వరస మొదలుపెట్టనని ఖరాఖండీగా చెప్పారు. మందులకు 1,100 అయింది. పదింటికి పదీ కట్టవు, ముందే అనుకోండి అని కూడా చెప్పారు.

సెప్టెంబరు 14 ఉదయం వీర్యం వేశారు. ముప్పై రెండో రోజు, అక్టోబరు 16న మళ్లీ తెర చూశాం. ఈసారి నేనే కొంగు అడ్డం పట్టాను. శనగ గింజంత తెల్లటి మచ్చ, మధ్యలో మిణుకు. నాకు కళ్లు చెమర్చాయి. మా అత్త గౌరి నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. నవంబరు 15న అరవై రెండో రోజున ఇంకోసారి చూశారు, చూలు మొదటి రెండు నెలల్లో జారిపోయే అవకాశం ఉంటుంది కాబట్టి. బాగుంది. బర్రెకు చూలు 310 రోజులు, కాబట్టి జులై 21 అటూ ఇటూ. లక్ష్మికి మే ఆఖరు. రెండు తేదీలూ చావిడి తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉన్నాయి.

ఆ నవంబరు రోజున ఆమె చేసిన ఇంకో పని చెప్పాలి. కార్తీక మాసం వానలకు మా చావిడి మూల కురిసి మొక్కజొన్న పిండి బస్తా తడిసింది. ఎండబెట్టి వాడదామని పక్కన పెట్టాను. ఆమె చెప్పులు విప్పుతూ ఆ బస్తా చూసి, చెయ్యి పెట్టి ఒక ఉండ తీసి వాసన చూశారు. ఉండ విరిస్తే లోపల గులాబీ రంగు పొర, తెల్లటి బూజు. పెట్టొద్దన్నారు. మొక్కజొన్నకు పట్టే ఫ్యుజేరియం అనే బూజు జియరలినోన్ అనే విషాన్ని తయారుచేస్తుందట. అది ఒంట్లోకి వెళ్తే ఈస్ట్రోజన్ లాగే పనిచేస్తుంది. దెబ్బ ఎక్కువగా తగిలేది పందులకు, నెమరేసే పశువులు కొంత తట్టుకుంటాయి, అయినా చూలు కట్టిన కొత్తలో ఎందుకు పెట్టడం అన్నారు. ఈ బస్తాలో ఆ విషం ఉందని పరీక్ష చేయకుండా చెప్పలేను, బూజు కనబడుతోంది కాబట్టి పారేయమంటున్నాను అన్నారు. 1,300 రూపాయల బస్తా. గుంట తీసి పూడ్చేశాను. స్కానింగ్ కోసం వచ్చిన మనిషి మేత బస్తా దాకా చూడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

నెల్లూరులో వేదాయపాళెంలో ఉండే మా చెల్లెలికి కూడా ఈమె వల్లే మేలు జరిగింది. వాళ్ల లాబ్రడార్ ఆడకుక్క గేటు తీసి ఉన్నప్పుడు వీధి కుక్కతో కలిసింది. కడుపు రాకుండా ఒక సూది ఉందని ఎవరో చెప్పారట, అదీ ఈస్ట్రోజనే. చెల్లెలు నాకు ఫోన్ చేస్తే నేను డాక్టరమ్మకు కలిపాను. కుక్కలకు వద్దే వద్దన్నారు. ఆ మందు పిండాన్ని అండనాళంలో ఆపేసి గర్భసంచికి చేరకుండా చేస్తుంది, నిజమే. కానీ కుక్క ఎముక మజ్జ ఈస్ట్రోజన్‌కి తట్టుకోలేదు. రక్తకణాలు తయారవడం ఆగిపోయి ప్రాణం మీదకు రావచ్చు. గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం కూడా ఉంది. కలిసిన ప్రతిసారీ చూలు నిలవదు, ఇరవై ఐదు రోజులు దాటాక స్కాన్ చేయించండి, నిలిచి ఉంటే అప్పుడు వేరే పద్ధతులున్నాయి, పిల్లలు అసలు వద్దనుకుంటే ఆపరేషన్ మంచిది అని చెప్పారు. ఆ ఫోనుకు డబ్బు తీసుకోలేదు. స్కాన్‌లో చూలు లేదని తేలింది. ఆ రోజు సూది వేయించి ఉంటే లేని కడుపు కోసం కుక్కని పోగొట్టుకునేవాళ్లేమో.

ఇంక నచ్చనివి. అవీ రాయాలి.

సమయం విషయంలో నాకు కష్టం కలిగింది. తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగింటికి రావాల్సినామె ఆరున్నరకి వచ్చారు. అప్పటిదాకా ఫోను తీయలేదు. ఈ సూదుల వరసలో గంటలు ముఖ్యమని చెప్పింది ఆమే, మూడో సూదికీ వీర్యానికీ మధ్య పదహారు నుంచి ఇరవై గంటలుండాలని. మర్నాడు వీర్యం దానికి తగ్గట్టు ఆలస్యంగా వేసి సర్దారు, ఫలితం కూడా బాగానే వచ్చింది. కానీ ఆ రెండున్నర గంటలు నేను వాకిట్లో పడ్డ ఆదుర్దా మాటల్లో చెప్పలేను. దోవలో ఒక బర్రె ఈనలేక అవస్థ పడుతుంటే ఆగారట. సరే, అది ఆగాల్సిందే. ఆ కుర్రాడి చేత ఒక ఫోన్ చేయిస్తే చాలేది.

రెండోది, రాసిచ్చే చీటీ మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. నేను పదో తరగతి దాకా చదివాను, మందు పేరు కూడబలుక్కోగలను. మా అత్త లాంటి వాళ్ల సంగతి? ఏ తేదీన ఏ సూది, ఎందుకు, చూలు పశువుకి పడొచ్చా పడకూడదా, ఈ మూడూ తెలుగులో ఒక కార్డు మీద రాసిస్తే ప్రతి చావిడిలో గోడకు అంటించుకుంటారు. ఆమెతో అన్నాను. చేయిస్తానన్నారు, ఇంకా రాలేదు.

డబ్బు సంగతి. రెండు బర్రెలున్నవాళ్లకు 550 ఎక్కువే. పక్కింటివాళ్లతో కలిసి ఒకే రోజు పిలిపించుకుంటే ఒకే చావిడి కింద లెక్కేస్తారా అని అడిగాను. పక్కపక్క ఇళ్లయితే లెక్కేస్తామన్నారు, మొన్న మా వీధిలో మూడిళ్లవాళ్లం అలాగే పిలిపించుకున్నాం. అత్యవసరాలకు మాత్రం ఈమెను నమ్ముకుని కూర్చోవద్దు. 1962కి ఫోన్ చేస్తే ప్రభుత్వ పశువుల అంబులెన్సు వస్తుంది, దానికి డబ్బు అక్కర్లేదు. ఈమె పని చూలు పరీక్ష, ఎదకు రాని పశువుల వైద్యం. ఆ పనికి మాత్రం మా మండలంలో నాకు తెలిసి ఇంత నిదానంగా చేసేవాళ్లు లేరు.

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర కోసింది ఆ రెండున్నర గంటలకు.

పిలిపించేవాళ్లు మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్ చేయండి, పొద్దున ఎత్తరు. వీర్యం వేయించిన తేదీ రాసి ఉంచండి, లేదంటే వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకే చిక్కుతారు. దున్నపోతుల మందలో ఎప్పుడైనా వదిలి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. ఇరవై ఎనిమిది, ముప్పై రోజులు దాటకుండా స్కానింగ్‌కి పిలవొద్దు, కనబడదు, డబ్బు దండగ. పశువును కట్టడానికి గట్టి గుంజ, రెండు బకెట్ల నీళ్లు, నీడ ఉండాలి. నీడ లేకపోతే తెరకు అడ్డం పట్టడానికి ఒక నల్ల దుప్పటి సిద్ధంగా పెట్టుకోండి, చీర కొంగు చాలదు.